స్తంభానికి ఆనించిన కర్ర

ఫొటోల మాస్టారు పోయారని పొన్నూరు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడినామె ఆయన కోడలినని చెప్పింది. "ఏ మాస్టారండీ?" అని అడిగాను. తెలియక కాదు. తెలియని గొంతు ఒక మాట చెబితే దాన్ని రెండోసారి చెప్పించుకోవడం నాకు అలవాటు. ఆమె రెండోసారీ అదే చెప్పింది. నిద్రలోనే పోయారట. "ఆయన కర్ర మీకు ఇవ్వమని చెప్పి ఉంచారండి. వీలు చూసుకుని రండి" అంది. ఫోను పెట్టేశాక, నాకే ఎందుకు ఇవ్వమన్నారా అని చాలాసేపు ఆలోచించాను. ఆ సాయంత్రం చిట్టాలో ఒక పద్దు తప్పు రాసి కొట్టేయాల్సి వచ్చింది.

మీలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు. పొన్నూరు బళ్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత పాత కట్టడాలకు ఫొటోలు తీసుకుంటూ మా మెట్ట ఊళ్లన్నీ తిరిగారు. మట్టి మిద్దెలు, సత్రాలు, పొగాకు కాల్చే బ్యారన్లు, మూతపడ్డ పత్తి మిల్లుల గోడలు. ఆ ఫొటోలు పత్రికలకు పంపలేదు, ఎవరికీ అమ్మలేదు. ఏ కట్టడానికి తీస్తే అక్కడున్న మనిషికి ఒక కాపీ ఊరికే ఇచ్చి, ఒకటి తన దగ్గర ఉంచుకునేవారు. మా వైపు ఒక మనిషిని అనుమానించడానికి అది చాలు. ఊరికే వచ్చింది ఏదైనా మేం తిప్పి చూస్తాం, అడుగున ఏముందోనని.

మాది అద్దంకి నుంచి గుంటూరు పోయే పాత బండ్ల బాట మీది ఊరు. చుట్టూ నల్లరేగడి. వేసవిలో కాలు దిగేంత నెర్రెలు, వానాకాలంలో మోకాటి లోతు బురద. ఊరి మొదట్లో రాతి స్తంభాల సత్రం ఒకటి ఉంది. వెనకటి రోజుల్లో పత్తి, మిరపకాయలు వేసుకుని పోయే బండ్ల వాళ్లు రాత్రికి అక్కడ దిగేవారట. దాని ముందు పంచలో నా కొట్టు. గోతాలు, పురికొస, దబ్బనాలు, పత్తి ఏరేవాళ్లు నడుముకు కట్టుకునే సంచులు అమ్ముతాను. మా నాన్న హయాం నుంచీ అక్కడే ఉన్నాం. ఉండొచ్చని కాగితం ఏదీ లేదు. అద్దె అడిగినవాడు లేడు, ఖాళీ చెయ్యమన్నవాడూ లేడు. అందుకని ఎవరైనా ఆ సత్రం వంక కాస్త ఎక్కువసేపు చూస్తే నాకు లోపల గుబులు.

ఆయన మొదటిసారి వచ్చింది తొంభయ్యో దశకం చివర, ఒక వేసవిలో. బస్సు దిగి, రోడ్డు దాటి, సత్రం ముందు ఎండలో నిలబడ్డారు. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, భుజాన గుడ్డసంచి. చేతిలో ఛాతీ ఎత్తు కర్ర. దానికి జానెడు నలుపు, జానెడు తెలుపు చొప్పున రంగు వేసి ఉంది. నేను గోతాలు మడతపెడుతున్నవాణ్ణి ఆపేసి చూశాను. ఆయన చెప్పులు విడిచారు. నా కొట్టు మూలనున్న స్తంభం మీద అరచెయ్యి ఆనించారు. పెదవులు కదిలాయి. తర్వాత ఆ కర్రను స్తంభానికి ఆనించి, వెనక్కి నడిచి, సంచిలోంచి కెమెరా తీశారు.

రోడ్డుకు అవతల టీకొట్టు. నడిపేవాడు నాకు వరసకు బావ. "ఏం బావా, మంత్రమేసి కర్ర నాటాడు, చూశావా?" అన్నాడు అక్కడి నుంచే, ఆయనకు వినపడేట్టు.

"నాటలేదయ్యా, ఆనించాను," అన్నారు మాస్టారు వెనక్కి తిరగకుండానే. "ఫొటోలో స్తంభం ఎంత ఎత్తో తెలియదు. పక్కన కర్ర ఉంటే తెలుస్తుంది."

"తెలిస్తే ఏం చేసుకుంటారు?"

"తెలుసుకుంటాను."

బావకు ఆ జవాబు నచ్చలేదు. నాకూ నచ్చలేదు. దగ్గరికి వెళ్లి, "మిమ్మల్ని ఎవరు పంపారండీ?" అని అడిగాను.

"ఎవరూ పంపలేదు. బస్సు టిక్కెట్టు కూడా నాదే."

"దేవాదాయం వాళ్లా?"

"డ్రాయింగు మాస్టర్ని. ఇది ఎవరు కట్టారయ్యా?"

తెలియదన్నాను. అది నిజమే. పైగా కాగితం లేనివాడికి అంతకంటే క్షేమమైన జవాబు లేదు.

"ఎవరు కట్టారో తెలియకుండానే ఇన్నేళ్లు నీడన కూర్చున్నారన్న మాట," అని నవ్వారు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదని ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం నాకది ఖాళీ చేయించడానికి వచ్చినవాడి మాటలాగే వినపడింది.

ఆ రోజుల్లో మా వైపు గుప్తనిధుల పిచ్చి లేచి ఉంది. ఫలానా ఊళ్లో గోడ కింద బిందె దొరికిందట, ఫలానా వాడు ఉన్నట్టుండి ట్రాక్టరు కొన్నాడట. చూసినవాడు ఒక్కడూ లేడు, నమ్మనివాడూ లేడు. అలాంటి ఊళ్లోకి రంగుల కర్ర పట్టుకుని వచ్చి, చెప్పులు విడిచి, పెదవులు కదిపి, ఆ కర్రను ఒక్కచోటే ఆనించి వెళ్లాడు ఒక మనిషి. ఇంకేం కావాలి?

వారం తిరక్కముందే, ఒక పొద్దున కొట్టు తెరవబోతే స్తంభం పక్కన నడుము లోతు గొయ్యి. సరిగ్గా కర్ర ఆనించిన చోట. గొయ్యిలోంచి తీసి పోసింది నల్లమట్టి కాదు, ఇసక. మా ఊళ్లో పిడికెడు ఇసక కావాలన్నా గుండ్లకమ్మ ఏటి నుంచి రావాలి. అంత ఇసక భూమిలో ఎవరు పోస్తారు? కింద ఏదో దాచి పైన పోశారనే ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. లోపలికి దిగి గునపంతో పొడిచి చూశాను. కిందా ఇసకే.

అప్పుడు తలెత్తి చూస్తే స్తంభం కింది రాయి సగం గాలిలో ఉంది. పైన దూలానికీ గోడకీ మధ్య కొత్తగా సన్నటి చీలిక. నా కొట్టు పైకప్పంతా ఆ దూలం మీదే. తొలకరికి ఇంకెంతో కాలం లేదు. గొయ్యిలో నీళ్లు దిగితే స్తంభం ఒరుగుతుంది, స్తంభం ఒరిగితే పంచ మొత్తం కూర్చుంటుంది. పంచాయతీకి చెబుదామంటే వాళ్లడిగే మొదటి ప్రశ్న, 'అసలు నువ్వక్కడ ఎందుకున్నావు?' అని. నోరు మూసుకున్నాను. తవ్వినవాళ్లకు ఏం దొరికిందో గానీ, నాకే దొరికిందని ఊళ్లో చెప్పుకున్నారు. లేకపోతే కంప్లయింటు ఎందుకివ్వడు అన్నారు.

నా చూపు బావ మీద పడింది. టీతో పాటు వాడు వేయించిన వేరుశనగకాయలు అమ్ముతాడు. ఏళ్ల తరబడి ఒకే ఇసకలో వేయించేవాడు. అది మాడి మాడి తారులాగా నల్లగా ఉండేది. ఆ వారం బాణలిలో ఇసక లేత గోధుమరంగులో మెరుస్తోంది.

"కొత్త ఇసకలాగుందే బావా," అన్నాను.

"పాతది మాడిపోయిందిలే."

"యాడిది?"

"నీ గొయ్యి పక్కన గుట్టపడి ఉంటే తట్టెడు తెచ్చుకున్నా. తవ్వింది నేను కాదు."

"తవ్వావని నేననలేదుగా."

"అనలా. చూశావు."

అంతటితో ఆగాం. ఆ రోజు వాడి టీ నేను తాగలేదు.

మాస్టారు రెండోసారి వచ్చింది ఫొటో ఇవ్వడానికి. ఆయన బస్సు దిగగానే టీకొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్న వాళ్లంతా మాటలాపేశారు. "వాటా తీసుకుపోవడానికి వచ్చాడ్రా" అన్నారెవరో. ఆయన విన్నారు. గొయ్యి చూసి, సంచి పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, పిడికెడు ఇసక తీసి వాసన చూశారు.

"ఎంత ఇసక పోయింది?" అని అడిగారు.

"మీకే తెలియాలి," అన్నాను.

ఆయన కోపం తెచ్చుకుంటారనుకున్నాను. కాసేపు నా మొహం చూసి, "నేను కర్ర ఆనించిన చోటే తవ్వారు. అయితే ఇందులో నాకూ వాటా ఉన్నట్టే. పూడుద్దాం పట్టు," అన్నారు.

నేను అప్పటికే పొలం నుంచి రేగడి పెళ్లలు తెప్పించి గుట్ట వేసుకున్నాను. గొయ్యిలో కుక్కి నీళ్లు కొడితే రాయిలాగా బిగుసుకుంటుందని నా లెక్క. ఆయన వద్దన్నారు. "రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. ఏటా ఎత్తి ఎత్తి దించుతుందయ్యా. నీ స్తంభాన్ని నువ్వే పడదోసుకున్నవాడివి అవుతావు. సత్రం కట్టినవాళ్లు కింద ఇసక పోసింది అందుకే. మట్టి ఎంత పొర్లాడినా ఇసక సర్దుకుంటుంది, పైనున్న రాయి కదలదు."

ఆయన మాట నిజమో, పూడ్చే వంకన మళ్లీ తవ్వే ఎత్తో నాకు తెలియలేదు. "ఇంతకుముందు ఎక్కడన్నా చూశారా?" అని అడిగాను. కూలిన ఇళ్ల పునాదులు చూశానని, ఏ ఊళ్లో ఎవరి ఇల్లో చెప్పారు. అందులో ఒక ఊరు మా పెద్దమ్మ వాళ్లది. ఆ ఇంటి సంగతి నాకు తెలుసు. అక్కడ సరిపోయింది కాబట్టి మిగతాది ఒప్పుకున్నాను.

కానీ పోయిన ఇసక? గుట్టలో సగానికి పైగా ఎవరెవరో మోసుకుపోయారు. ఉన్నది ఏ మూలకూ చాలదు. అప్పుడు బావ వాళ్ల అమ్మ ఊతకర్ర పొడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చింది. నాకు అత్త వరస. గొయ్యిలోకి తొంగిచూసి, "ఇదా! ఇది బండ్లోళ్ల ఇసక గదరా అబ్బాయా," అంది.

"బండ్లోళ్ల ఇసకేంది అత్తా?"

"సత్రం కట్టేటప్పుడు ఇసక యాడుంది ఈ ఊళ్లో? ఏటి మీదగా వచ్చే ప్రతి బండోడూ గంపెడు ఇసక తెచ్చి పోసి పోవాలని కట్టుబాటు పెట్టారంట. మా మామ చెప్పేవోడు, ఆయనకి వాళ్ల నాయన చెప్పాడంట. రేపు పడుకునే చోటికి ఇవాళ గంపెడు. కొందరు పోసి పోయినోళ్లు మళ్లా ఈ దారినే రాలేదంట పాపం."

"మరి కట్టించింది ఎవరత్తా?"

"నాకేం తెలుసు? పేరు ఎవురూ చెప్పలా. ఇసక సంగతే చెప్పారు."

మాస్టారు గుట్టలోంచి ఇంకో పిడికెడు ఇసక తీసి చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "గోతాలు అమ్మేవాడివి గదయ్యా," అన్నారు. ఆ ఒక్క మాటే అన్నారు.

అది ఎండాకాలం చివర. అద్దంకి వైపు నుంచి గుంటూరుకు మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని ట్రాక్టర్లు నా కొట్టు ముందు నుంచే పోతాయి. ఖాళీగా తిరిగి పోయేటప్పుడు ఒక్కో డ్రైవరునూ ఆపి ఒక ఖాళీ గోతాం ఇచ్చాను. ఈసారి వచ్చేటప్పుడు ఏట్లో ఇసక నింపుకుని రమ్మన్నాను.

"ఇసక దేనికి బాబాయ్?"

"పనుంది."

"నీక్కూడా ఏదో దొరికిందంట గదా?"

"దొరికితే గోతాలు ఎందుకు అమ్ముకుంటానురా? గోతాం నువ్వే ఉంచుకో, ఇసక పోసి పో."

గోతాం ఊరికే ఇస్తున్నానంటే వాళ్లూ దాన్ని తిప్పి చూశారు. అయినా తెచ్చారు. ఒకడు నిండుగా, ఒకడు సగం. మాస్టారు పొన్నూరు వెళ్లకుండా సత్రం లోపలి గదిలోనే పడుకున్నారు. ఉండమని నేను అనలేదు, వెళ్లమనీ అనలేదు. నాకు కనపడే చోట ఉండటమే మంచిదనుకున్నాను.

గొయ్యిలో పొయ్యబోయే ముందు, పాత గుట్టలోని ఇసకను నేను జల్లెడ పట్టాను. రాళ్లు ఏరుతున్నానని చెప్పాను. మాస్టారు నవ్వి, "దొరికితే నాకూ చెప్పు," అన్నారు. ఏటి గుల్లల పెంకులు దొరికాయి, సన్నవి, తెల్లవి. వాటినీ అందులోనే పోసేశాం. కొంత పోసి, తడిపి, కూరి, మళ్లీ కొంత. కూరడానికి అక్కడ సరైనది ఏదీ లేక ఆయన తన రంగుల కర్రతోనే దిమ్మిస కొట్టారు. అడుగున ఉన్న నల్ల పట్టీ అంతా అరిగిపోయి చెక్క బయటపడింది. చివర్లో బావ బాణలి ఎత్తుకుని వచ్చి, అందులో ఇసక కూడా కుమ్మరించాడు. అది ఇంకా వేడిగానే ఉంది. తడి మీద పడి చుయ్యిమంది.

"తవ్వింది నేను కాదు," అన్నాడు మళ్లీ.

"ఎవరడిగారయ్యా నిన్ను," అన్నారు మాస్టారు.

అంతా అయ్యాక ఆయన చేతులు కడుక్కుని, చెప్పులు విడిచి, స్తంభం మీద అరచెయ్యి ఆనించారు. ఈసారి నేను పక్కనే ఉన్నాను. మంత్రం ఏమిటో విందామని చెవి దగ్గరగా పెట్టాను. ఆయన అన్నది రెండే మాటలు. "మీ చలవే." ఎవరితో అన్నారని అడగలేదు. రాయి మీద చెయ్యి పెట్టి చూశాను. మధ్యాహ్నపు ఎండలో కూడా చల్లగా ఉంది.

మొదటి పెద్ద వాన పట్టపగలే వచ్చింది. నేను కొట్లో కూర్చోలేదు. రోడ్డుకు అవతల, బావ తాటాకుల పందిరి కింద నిలబడి, స్తంభాన్నే చూస్తూ ఉన్నాను. బావ అడక్కుండానే టీ ఇచ్చాడు, తాగాను. వాన వెలిసింది. దూలానికీ గోడకీ మధ్య చీలిక అంతే ఉంది, పెరగలేదు. తిరిగి వెళ్లి గోతాల మీద కప్పిన పట్టా తీశాను. ఇప్పటికీ అక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను.

ఆ తర్వాత ఆయన ఏటా వానలు తగ్గాక వచ్చేవారు. అదే స్తంభానికి అదే చోట కర్ర ఆనించి ఫొటో తీసేవారు. అరిగిన చోట మళ్లీ రంగు వెయ్యలేదు. వెయ్యండి అంటే, "ఆ జానెడు ఇక్కడే ఉందిగా, భూమిలో" అనేవారు. తెచ్చుకున్న పెరుగన్నం సత్రం అరుగు మీదే తినేవారు. తిన్న చోట నీళ్లు చల్లి తుడిచేవారు. ఫొటోలో నన్ను నిలబడమని ఎప్పుడూ అడగలేదు. అయినా మొదటి ఫొటోలో నేను పడ్డాను. స్తంభం వెనక నుంచి సగం మొహం, ఒక కన్ను. దొంగను చూసినట్టు చూస్తున్నాను. ఆ ఫొటో బాగాలేదు, వేరేది తియ్యండి అన్నాను. "ఇదే బాగుంది. అనుమానపడేవాడు ఉన్నాడు కాబట్టే ఈ సత్రం ఇంకా ఇక్కడుంది. ఎవరికీ పట్టని కట్టడాలు ముందు పడిపోతాయి," అన్నారు.

ఈ పని ఎందుకు పెట్టుకున్నారని ఒకసారి అడిగాను. చిన్నప్పుడు చదువుకోవడానికి వెళ్లిన ఊళ్లో, ఎవరో కట్టించిన సత్రంలో పడుకుని చదివానని చెప్పారు. "కట్టినవాళ్ల పేరు అడగాలని అప్పుడు తోచలేదు. తోచేసరికి చెప్పేవాళ్లు లేరు. పేరు తెలియనివాళ్లకు దణ్ణం ఎట్లా పెట్టాలి? అందుకని కనపడిన గోడకల్లా పెడుతున్నాను." రెండేళ్లు పోయాక అదే ప్రశ్న మళ్లీ అడిగాను. తర్వాత ఇంకోసారి, వేరే మాటల్లో. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట మారుతుంది. మారలేదు. మూడోసారి చెప్పాక, "సరిపోయిందా?" అని అడిగారు. సరిపోయిందన్నాను.

పెద్దకర్మ నాడు పొన్నూరు వెళ్లాను. ఆయన గదిలో గోడల నిండా గోడలే. మనుషుల ఫొటోలు లేవు, ఆయనది కూడా. ఉన్న ఒక్క మనిషి మొహం నాది, అదీ సగమే. కోడలు నన్ను గుర్తుపట్టి, "మీరేనా అండీ అది?" అంది. అవునన్నాను. వాకిట్లో భోజనాలకు వచ్చిన ఒకాయన నన్ను పైనుంచి కిందికి చూసి, కర్ర ఎందుకు తీసుకుపోతున్నారని అడిగాడు. ఇమ్మన్నారని చెప్పాను. ఎవరు ఇమ్మన్నారని మళ్లీ అడిగాడు. మంచిదే అనుకున్నాను.

తిరిగి వచ్చి, బస్సు దిగి, చెప్పులు విడిచి, కర్రను దాని చోట స్తంభానికి ఆనించాను. అరచెయ్యి రాతి మీద పెట్టాను. నేను ఏమన్నానో ఇక్కడ రాయను.

"ఏం బావా, మంత్రమా?" అన్నాడు రోడ్డవతల నుంచి బావ. వాడికీ తల పూర్తిగా నెరిసింది.

"ఏం లేదు."

"ఏం లేకపోతే చెప్పులెందుకు విడిచావు?"

మర్నాడు పొద్దున కొట్టు తెరిచేసరికి, కర్ర పక్కకు జరిపి ఉంది. స్తంభం మొదట్లో ఎవరో బెత్తెడు లోతున గీకి చూశారు. లేత రంగు ఇసక బయటపడి ఉంది. ముందు రోడ్డవతల బాణలిలోకి చూశాను. అందులో ఇసక నల్లగానే ఉంది. చెంబుతో నీళ్లు తెచ్చి, గీకిన ఇసకను చేత్తోనే లోపలికి తోసి, అదిమి, తడిపాను. తడి మీద నా అరచెయ్యి అచ్చు పడింది. దాని పక్కనే, రంగు లేని కొస ఇసకలోకి దిగేట్టుగా, కర్రను మళ్లీ ఆనించాను.